ఎవరూ పిలవని పేరు

మొన్న చిలకలూరిపేటలో హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డాను. కాలేజీలు వదిలిన వేళ. పత్తి లారీ ఒకటి రోడ్డంతా దూది రాల్చుకుంటూ పోయింది. దాని వెనకనుంచి ఎవరో ఆడపిల్ల, "ఒసే కర్రూన్! ఆగవే!" అని కేకేసింది. నేను ఉలిక్కిపడి తిరిగి చూశాను.

కర్రూన్ అనే పేరు మన వైపు ఎక్కడా ఉండదు. ఉన్నది ఒక్కతే, అదీ మా వీధి పిల్ల. నన్ను చూడగానే చున్నీ సర్దుకుని, "నమస్తే టీచర్ గారూ" అంది. అసలు పేరు కరుణ. ఒకటి నుంచి అయిదు దాకా నా దగ్గరే చదివింది. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం.

"నిన్నింకా ఆ పేరుతోనే పిలుస్తున్నారా?" అన్నాను.

"ఇంట్లో అందరూ అంతేనండి. కాలేజీలో కూడా అదే అలవాటైపోయింది. కువైటు పెట్టిన పేరు కదండీ, పోదు." నవ్వి, "అవునూ టీచర్ గారూ, మా అందరికీ పేర్లు పెట్టింది కదా, ఆమె అసలు పేరేందండీ?" అని అడిగింది.

బస్సు వచ్చింది. జవాబు చెప్పకుండా ఎక్కేశాను. బస్సు రష్‌గా ఉందని కాదు. ఆమెకి మూడు పేర్లున్నాయి. ఒకటి రేషన్ కార్డులో ఉంది, ఒకటి ఊరంతా పిలిచింది, మూడోదాన్ని ఊళ్ళో ఎవరూ పిలవలేదు. ఇందులో ఏది అసలుదని ఆ పిల్లకి చెప్పను?

రేషన్ కార్డులో పేరు ఇక్కడ రాయను. ఆమెకి ముందు వాళ్ళమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. మూడో కాన్పులో ఈమె. మా వైపు అలాంటి ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది, హిందువుల్లోనూ ఉంది, ముస్లింలలోనూ ఉంది. పుట్టిన బిడ్డని చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పొరుగావిడ దారిన పోతున్నట్టు వచ్చి, "ఎవరో పారేసిన పిల్ల" అని ఎత్తుకుంటుంది. తల్లి గుప్పెడు నూకలిచ్చి తన బిడ్డని తనే కొనుక్కుంటుంది. ఆ తర్వాత ఎవరూ ముద్దుగా పిలవలేని పేరేదో పెడతారు. చావు గడప దాకా వచ్చి, ఆ పేరు విని, ఛీ అనుకుని వెనక్కి పోవాలని. పెంటయ్యలూ పుల్లమ్మలూ అలా వచ్చినవాళ్ళే. ఆమె పేరు వాటికంటే ఇంకాస్త అన్యాయం.

వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. పిల్లని బడికి పంపాడు గానీ, హాజరు పిలిచిన ప్రతిసారీ క్లాసంతా నవ్వేదట. రెండో తరగతిలో మానేసింది. "చదువు రాక కాదు టీచరమ్మా, 'ప్రెజెంట్ సార్' అనలేక మానేశా" అనేది. ఈ మాట అన్నప్పుడు తనూ నవ్వేది, ఎదుటివాళ్ళు నవ్వొచ్చో లేదో తెలియక బిక్కమొహం వేసేవాళ్ళు.

ఊరంతా పిలిచిన పేరు నేను పెట్టింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. మాకు నాలుగెకరాల మిరప తోట ఉంది. బడికి సెలవైన రోజున కల్లం దగ్గర కూర్చోవడం నా పని. ఆడవాళ్ళు పదిహేను మంది దాకా ఎర్రటి రాశి చుట్టూ కూర్చుని కాయల తొడిమలు, మా భాషలో ముచ్చికలు, తీస్తున్నారు. ముక్కులకి గుడ్డలు. ఆమె కువైట్‌లో ఒక ఇంట్లో పదకొండేళ్ళు పనిచేసి తిరిగొచ్చి అప్పటికి మూడు రోజులైంది. నాలుగో రోజునే కూలికి వచ్చింది. మోచేతులు దాటిన జాకెట్టు, చేతికి గడియారం, కాళ్ళకి తెల్లటి మేజోళ్ళు. మిరప కల్లంలోకి మేజోళ్ళతో వచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నా నోరు ఊరుకుంటుందా? "వచ్చిందమ్మా కువైటు! సాక్సులేసుకుని ముచ్చికలు తీస్తదంట" అన్నాను. కల్లం కల్లమంతా పగలబడి నవ్వింది. సాయంత్రానికి ఊరంతా అదే పేరు.

ఆమె కూడా నవ్వింది. మర్నాడు మేజోళ్ళు లేకుండా వచ్చింది.

మా ఊళ్ళో పేర్లు అలాగే పుడతాయి. సన్నగా తెల్లగా ఉన్నవాడు తాలుకాయ. ఒకసారి ట్రాక్టరు బోదె కాలవలోకి దించినవాడు జీవితాంతం బోదె. నత్తి, కుంటి, మెల్ల సరేసరి. ఎవడికీ కోపం రాదని మేం అనుకుంటాం, ఎందుకంటే కోపం వచ్చినా చూపించే వీలున్నవాళ్ళకి అలాంటి పేర్లు పెట్టం. పెద్ద రైతుల పిల్లలు బుజ్జిబాబులు, చిట్టిబాబులు. వాళ్ళకి జుట్టు నెరిశాక కూడా బుజ్జిబాబు గారే. నేను మా పుట్టింటికి, పర్చూరు దగ్గరికి వెళితే ఈ యాభై నాలుగేళ్ళ వయసులో కూడా నన్ను 'పాపగారు' అంటారు. కలిగినవాళ్ళ ముద్దుపేరు చివర గారు, లేనివాళ్ళ అసలు పేరు చివర గాడు. నేను బడిలో మర్యాద పాఠం చెబుతున్న ముప్ఫై ఏళ్ళలో ఈ ముక్క నా బుర్రకి తట్టలేదు. చెప్పింది ఆమే, ముచ్చికలు తీస్తూ.

మసీదు మైకులో ఆమె చావు చెప్పినప్పుడు మొదట కార్డులో పేరు చదివారు. వీధిలో ఒక్కరు కదల్లేదు. ఎవరో బయటి ఊరి మనిషి అనుకున్నారు. పావుగంట తర్వాత మైకు మళ్ళీ గరగరలాడి, "అదే, మన కువైటు" అంది. అప్పుడు జనం చెప్పులేసుకుని బయల్దేరారు.

నా నోరు లాంటిది కాదు ఆమె నోరు. నేను పెట్టిన పేరు మోస్తూ, ఊళ్ళో పిల్లలకి మాత్రం ఎంత అందమైన పేర్లు పెట్టేదో. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి మొహం పైకెత్తేది. "మీ అమ్మ నిన్నేమంటది?" అని అడిగేది. పిల్ల చెప్పిన పేరుని నోట్లోనే రెండు మూడుసార్లు అనుకునేది, పులుసులో ఉప్పు చూసినట్టు. తర్వాత బయటికి వదిలేది. సురేష్ సర్రూష్ అయ్యాడు. అనిల్ అన్నూల్, సలీమ్ సల్లూమ్, కరుణ కర్రూన్. పిల్లలు వీధి చివరి దాకా కేకలేసుకుంటూ పరిగెత్తేవాళ్ళు. కరణం గారి మనవడు ధనుంజయ తనకీ ఒకటి కావాలని ఏడుస్తూ వచ్చాడు. ఆమె మూడు రోజులు ప్రయత్నించింది. "ఈ పేరు ఎక్కడ మడతపెట్టినా ఇంకా మిగులుద్ది నాయనా" అని చేతులెత్తేసింది.

గేదెల్ని 'యల్లా, యల్లా' అని అదిలించేది. వాళ్ళ తమ్ముడి గేదె తెలుగులో హెయ్ అంటే కదలదు, యల్లా అంటే లేస్తుంది. టీ పాలు లేకుండా యాలక్కాయ వేసి చిన్న గాజు గ్లాసులో తాగేది. రంజాను నెలలో వీధి ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి, "అరబ్బీ వచ్చుగా, ఈ దువాకి అర్థం చెప్పవే" అని అడిగితే దణ్ణం పెట్టేది. "నాది వంటింటి అరబ్బీ తల్లోయ్. ఉల్లిపాయలు తరుగు, గిన్నెలు కడుగు, బాబు ఏడుస్తున్నాడు ఎత్తుకో. దేవుడితో మాట్లాడేంత రాదు" అనేది.

ఎవరి పేరైనా చెప్పేటప్పుడు పని ఆపేది. చేతులు చెంగుకి తుడుచుకునేది. తర్వాతే ఆ పేరు పలికేది. ఘాటు చేతులతో పేరెత్తకూడదని ఆమెకి ఎవరు చెప్పారో తెలియదు. నేను వెక్కిరించేదాన్ని. "ఇట్టా తుడుచుకుంటూ కూర్చుంటే పొద్దుగూకే లోపల బస్తా నిండినట్టే" అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం మిగతావాళ్ళు అన్నాలకి లేచి వెళ్ళారు. ఆమె, నేను మిగిలాం. కువైట్ ఇంటి సంగతి తనంతట తనే ఎత్తింది.

"అక్కడ పిల్లల పేర్లు సాగదీసి పిలుస్తారండీ. మరియమ్‌ని మరియూమ్ అంటారు. ఆయిషా అయితే అయ్యూష్. ఆ ఇంటాయన ఖాలిద్, యాభై ఏళ్ళు, పెద్ద ఆఫీసరు. వాళ్ళమ్మ ఫోన్లో 'ఖల్లూద్' అంటే చాలు, గొంతు మారిపోయి పిల్లోడిలాగా పలికేవాడు. ఆ ముసలమ్మ మనవళ్ళని 'యుమ్మా' అంటది. యుమ్మా అంటే అమ్మా అనేనండి. మనం పిల్లల్ని అమ్మా, నాన్నా అని పిలుచుకోమూ? అట్టాగే. మొదటిసారి విన్నప్పుడు ఎవరో మన ఊరోళ్ళు వచ్చారని గుమ్మంలోకి చూశా."

"మరి నిన్నేమని పిలిచేవాళ్ళు?"

"మేరీ." మిరపకాయ ముచ్చిక తుంచి పక్కన పడేసింది. "నాకంటే ముందు పనిచేసినామె మేరీ అంట. నా పేరు మేడమ్‌కి నోరు తిరగలా. ఆ గదితోటి, ఆ దుప్పటితోటి ఆ పేరు కూడా నాకే ఇచ్చేసింది. ఆ ఇంట్లో పిల్లికి రెండు ముద్దుపేర్లండీ. సంవత్సరం పైన మేరీగానే ఉన్నా."

అక్కడ పెద్దవాళ్ళని ఎవరూ పేరు పెట్టి పిలవరట. మొదటి బిడ్డ పేరుతో పిలుస్తారట. మగవాళ్ళయితే 'బూ' ఫలానా, ఆడవాళ్ళయితే 'ఉమ్' ఫలానా. ఫలానా వాళ్ళ నాన్న, ఫలానా వాళ్ళమ్మ. అది అక్కడ గౌరవం. ముసలమ్మని వచ్చేపోయేవాళ్ళంతా ఉమ్ ఖాలిద్ అనేవాళ్ళు. ఎక్కువగా మగపిల్లాడి పేరుతోనే పిలుస్తారనీ, ఉన్నది ఆడపిల్ల ఒక్కతే అయితే కొందరికి నోరు రాదనీ చెప్పింది. పనిమనుషులకైతే ఆ పిలుపే లేదు.

"ఒకనాడు ఆ ముసలమ్మ కాళ్ళకి నూనె రాస్తున్నా. 'నీకు పిల్లలా మేరీ?' అనడిగింది. ఉండేదండీ, పోయింది అన్నా. 'ఏం పేరు?' అంది."

ఇక్కడ ఆమె చేతిలో కాయ రాశి మీద పెట్టేసింది. చెంగుకి చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"షెహనాజ్ అని చెప్పా. ఆ పేరు నా నోటితో అని అప్పటికి నాలుగేళ్ళు దాటింది టీచరమ్మా. పిల్ల పోయిన కాడినించీ మన ఊళ్ళో నా ముందర ఎవరూ ఎత్తలా. నేనూ ఎత్తలా."

అది నిజం. నాకు తెలుసు. నేను ఆ ఊరికి కోడలిగా వచ్చిన రెండో ఏడు ఆ పిల్ల పోయింది. పత్తి తీతల రోజులు. మూడు రోజులు జ్వరం, అంతే. నాలుగేళ్ళు నిండి అయిదోది నడుస్తోంది. ఆ పిల్ల మొహం నాకు లీలగా గుర్తు, గొంతు అసలు గుర్తులేదు. బిడ్డ పోయిన తల్లి ముందు ఆ పేరు ఎత్తకూడదని మా ఊరి కట్టు. పేరెత్తితే పుండు రేగుతుందని, పిల్ల ఆత్మ తిరిగి చూస్తుందని. ఆ తర్వాత వాళ్ళ బాబాయి ఇంటికి వచ్చిన కోడలి పేరు కూడా షెహనాజే. ఈమె వినబడే దూరంలో ఉంటే ఆ కోడల్ని 'ఏమ్మోయ్' అని పిలిచేవాళ్ళు. ఊరంతా కలిసి అంత జాగ్రత్తగా ఆ పేరుని తుడిచేశాం. ఏడాది తిరక్కుండా భర్త వేరే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు. ఇక ఆ పిల్ల ఉండేదని చెప్పడానికి ఒక్క మాట కూడా మిగల్లేదు.

"అసలు ఆ పేరు పెట్టొద్దంది మా అత్త," అంది ఆమె. "కూలోళ్ళ పిల్లకి రాణి పేరెందుకే, దిష్టి తగులుద్ది అంది. నేను వినలా. హాజరు పిలిస్తే నా బిడ్డ తలెత్తుకుని పలకాలని ఊరంతట్లో లేని పేరు ఏరి పెట్టుకున్నా. చూడండి, నాకేమో చావు ముట్టని పేరు పెట్టింది మా అమ్మ. అది పనిచేసింది. నేనెంత తుమ్మమొద్దులాగా బతికి ఉన్నా! నా బిడ్డకి నేను అందరి కళ్ళూ పడే పేరు పెట్టా." ఆ పైన చెప్పలేదు. చెప్పనవసరం లేదు. అన్నేళ్ళుగా ఆమె అదే నమ్ముతోంది, బిడ్డని తనే చంపుకున్నానని.

"ముసలమ్మ ఏమంది?" అన్నాను.

"ఎంత మంచి పేరు పెట్టుకున్నావు అంది. తప్పు చేశావు అనలా." ఆమె కళ్ళు కారుతున్నాయి. మిరప కల్లంలో అందరి కళ్ళూ కారుతుంటాయి కనక ఎవరూ ఎవర్నీ అడగరు. "ఆ రోజునించీ నన్ను మేరీ అనలా. ఉమ్ షెహనాజ్ అంది. పనిమనిషికి ఆ పిలుపేందని కోడలు గోల చేసింది. ముసలమ్మ వినలా. పిల్లల చేత కూడా అట్టాగే పిలిపించింది. ఆమెకి ఖాలిద్ కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందంట. ఆ పిల్ల పేరు మాత్రం నాకు చెప్పలా. నేనే అడగాల్సింది. పనిదాన్నిగా, భయం."

ముసలమ్మ బతికి ఉన్నంతకాలం తొమ్మిదేళ్ళు ఆమె ఉమ్ షెహనాజ్‌గా ఉంది. ఆవిడ పోయాక మళ్ళీ మేరీ అంటే పలకలేక, సామాను సర్దుకుని వచ్చేసింది. వచ్చిన నాలుగో రోజున నేను కువైటు అని పేరు పెట్టాను.

ఈ కథంతా విన్నాక నేను మారి ఉండాలి కదా. మారలేదు. అయ్యో పాపం అనుకున్నాను, అన్నానికి లేచాను, మర్నాడు మళ్ళీ "ఏమే కువైటూ" అనే పిలిచాను.

తర్వాత కొన్నేళ్ళకి ఆమె మేనల్లుడికి ఆడపిల్ల పుట్టింది. ఉండేది తమ్ముడింట్లోనే కాబట్టి నీళ్ళు పోసేదీ, సాంబ్రాణి పట్టేదీ ఆమే. పేరు పెట్టే ముందు రోజు మధ్యాహ్నం బడికి వచ్చింది. భోజనాల గంట. వరండాలో నిలబడి చెప్పులు విప్పి, నేను చెయ్యి కడుక్కునే దాకా కాచుకుంది.

"మీ మాటంటే మా వాళ్ళకి గురి టీచరమ్మా. ఆ పిల్లకి షెహనాజ్ అని పెట్టమని ఒక్క మాట చెప్పండి. నేనడిగితే మా మరదలు చంటిదాన్ని నా చేతుల్లోంచి లాక్కుంది."

"లాక్కోదూ మరి! పోయిన పిల్ల పేరు పసిగుడ్డుకి పెడతారా ఎక్కడన్నా? నీకు తెలియందేముంది?" అన్నాను.

"అవున్లెండి. వాళ్ళ భయం వాళ్ళది." కాసేపు వరండా స్తంభం గోటితో గీకింది. "పోనీ ఒక పని చెయ్యండి. మీరన్నా నన్ను ఆ పేరుతో పిలవండి. ఉమ్ షెహనాజ్ అని. నలుగుర్లో వద్దు. మనిద్దరమే ఉన్నప్పుడు."

నేను నవ్వాను. వెక్కిరించడానికి కాదు, ఏం చెయ్యాలో తెలియక. "నాకెక్కడ నోరు తిరుగుద్దే ఆ అరబ్బీ! అయినా పాతవన్నీ ఎందుకు తవ్వుకోవడం? మర్చిపో. నీకే మంచిది" అన్నాను. ఆమె మంచికే అంటున్నానని మనస్ఫూర్తిగా అనుకున్నాను. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో కూడా చెప్పాను, ఎంత బాగా సర్దిచెప్పానో.

"సరేనండి" అని ఆమె పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ చంటిదానికి టీవీ సీరియల్లోంచి ఏదో పేరు పెట్టారు. ఆమె దాన్ని కూడా ముద్దుగా మడతపెట్టి పిలుచుకుంది.

పోయినేడు మిరప కోతల్లో ఆమెకి ఊపిరి అందకుండా అయింది. ఊపిరితిత్తులు పాడైపోయాయన్నారు. గుంటూరులో ఆసుపత్రిలో పెట్టారు. వారం తర్వాత ఒకరోజు సెలవు పెట్టి చూడటానికి వెళ్ళాను.

నేను వార్డులో అడుగుపెట్టేసరికి నర్సు మందుల చీటీ పట్టుకుని పేర్లు పిలుస్తోంది. ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగి, గొంతు తగ్గించి పిలిచింది. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పారు. ఆమె మాత్రం తిప్పలేదు, గోడ వైపే చూస్తూ పడుకుంది. చెయ్యి ఒక్కటి చాపి మాత్రలు అందుకుంది. మనిషి సగమైంది. మూతికి మాస్కు.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. పళ్ళ సంచీ విప్పాను, మళ్ళీ కట్టాను. పక్క మంచం దగ్గర వేటపాలెం నుంచి వచ్చిన ఒకావిడ వాళ్ళమ్మకి కాపలా కూర్చుని ఉంది. జీడిపిక్కలు ఒలిచే పని కాబోలు, వేళ్ళు నల్లబడి ఉన్నాయి. ఆవిడే కుశలప్రశ్నలన్నీ వేస్తోంది.

అంతలో నా ఫోను మోగింది. బడి నుంచి ఎవరో పిల్లాడి తల్లి. రోజుకి పదిసార్లు మాట్లాడే మాటే మాట్లాడాను. "చెప్పమ్మా చరణ్ వాళ్ళమ్మా... ఆఁ, రేపు వస్తా... సరేనమ్మా చరణ్ వాళ్ళమ్మా" అని పెట్టేశాను.

తలెత్తితే ఆమె నన్నే చూస్తోంది.

ముప్ఫై ఏళ్ళుగా బడి గేటు దగ్గర నేను తల్లుల్ని పిలిచే పిలుపు అదే. ఒక్కళ్ళ పేరూ నాకు తెలియదు. శిరీష వాళ్ళమ్మా, మస్తాన్ వాళ్ళమ్మా, రమ్య వాళ్ళమ్మా. కూలికి పోయే తల్లయినా, కారులో దిగే తల్లయినా నాకు అంతే. ఊళ్ళో ప్రతి తల్లికీ ఊరికే పంచిపెట్టే పిలుపు. ఆమె నన్ను అరబ్బీ మాట్లాడమనలేదు. ఆమె బిడ్డ బడికి వచ్చే వయసు దాకా బతకలేదు కనక, ఆ ఒక్క తల్లికీ అది అందలేదు. అందుకోసం చెప్పులు విప్పి నా వరండాలో నిలబడింది. నాకు సిగ్గేసింది. ఇంత బతుకూ బతికి, అంతమందికి పాఠాలు చెప్పి, ఆ మాత్రం తెలియలేదు.

ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాను. "షెహనాజ్ వాళ్ళమ్మా" అన్నాను.

కళ్ళు మూసుకుంది. విన్నదో లేదో అనుకుని మళ్ళీ పిలవబోయాను. అప్పుడు మాస్కు పక్కకి లాగి, "ఆఁ... చెప్పండి" అంది.

వేటపాలెం ఆవిడ ఊరుకోకుండా, "మీ అమ్మాయి పేరు షెహనాజా? ఎంత బాగుందో పేరు! చూడ్డానికి రాలేదా? ఎంత పిల్ల?" అంది.

పుండు మీద కారం పడిందనుకుని మాట మార్చబోయాను. ఆమె నా చెయ్యి నొక్కి ఆపింది. రెండో చెయ్యి మంచం పక్కన గాల్లో చాపింది, నేల నుంచి మూడడుగులు ఉండదు. "ఇంత" అంది.

ఇక ఆ మధ్యాహ్నమంతా చెప్పింది. ఊపిరి అందనప్పుడు మాస్కు పెట్టుకుని, అందగానే తీసి చెప్పింది. నర్సు వచ్చి కోప్పడినా ఆగలేదు. షెహనాజ్‌కి చింతచిగురు అంటే ప్రాణమట. తాత ఏకిన దూది కుప్పలో దాక్కుని, తుమ్ముతో దొరికిపోయేదట. ఎడమ చేతి వాటమట. 'అమ్మా' అనేది కాదట. ఇంట్లో అందరూ ఆమెని ఏ పేరుతో కేకేసేవాళ్ళో అదే పట్టుకుని పిలిచేదట. "ఆ పేరు దాని నోట్లో ఎంత బాగుండేదో" అంది. నాకు ఈ ముక్కల్లో ఒక్కటీ తెలియదు. ఒకే వీధిలో ఉన్నాను, ఒక్కటీ అడగలేదు. అడక్కపోవడమే దయ అనుకున్నాను.

ఆమె ఆ వారంలోనే పోయింది. నేను మళ్ళీ వెళ్ళలేకపోయాను. కాబట్టి ఆ రోజు సాయంత్రం మాత్రమే నాకు మిగిలింది.

నాలుగున్నర బస్సుకని లేచాను. ఆమె నా సంచీ తాడు పట్టుకుంది. అలిసిపోయి గొంతు బయటికి రావడం లేదు.

"ఇంకేమన్నా అడగండి టీచరమ్మా" అంది.

మళ్ళీ కూర్చున్నాను. ఏం అడగాలి? తల్లుల్ని నేను రోజూ అడిగేదే అడిగాను.

"పిల్ల బక్కగా ఉందేంటమ్మా షెహనాజ్ వాళ్ళమ్మా? అన్నం సరిగా తినదా?"

"ఎక్కడ తింటదండీ!" అంది, చిరాకుపడుతూ. "ఒక్కో ముద్దకి వీధంతా తిప్పాలి."